ఏ గుండెకు ఏ పరీక్ష?

2022 ఫిబ్రవరి 21, సోమవారం. పొద్దున టీవీల్లో ఆ వార్త రాగానే ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా జనం నమ్మలేకపోయారు. ఆంధ్రప్రదేశ్ పరిశ్రమలు, ఐటీ శాఖల మంత్రి, ఆత్మకూరు ఎమ్మెల్యే మేకపాటి గౌతమ్ రెడ్డి హైదరాబాదులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 50. దుబాయ్ ఎక్స్‌పోకు వెళ్లి అప్పుడే తిరిగొచ్చారు. ఇంట్లో ఉన్నట్టుండి కుప్పకూలితే హుటాహుటిన ఆసుపత్రికి చేర్చారు. అప్పటికే గుండె ఆగింది. డాక్టర్లు గంటన్నర పాటు ప్రయత్నించినా అది మళ్లీ కొట్టుకోలేదు. రెండు రోజుల తర్వాత ఉదయగిరిలో మేకపాటి కుటుంబం నెలకొల్పిన ఇంజినీరింగ్ కాలేజీ ఆవరణలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. మర్రిపాడు, అనంతసాగరం, వింజమూరు, దుత్తలూరు వైపు నుంచి జనం తండోపతండాలుగా వచ్చారు.

ఆయన ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్న మనిషని, కసరత్తు మానడని అందరికీ తెలుసు. అందుకే దుఃఖంతో పాటు భయం కూడా పుట్టింది. "ఏందబ్బా, రోజూ జిమ్ము చేసే మనిషికే ఇట్టయితే మనబోటోళ్ల గతేంది?" అన్న మాట ఆ వారమంతా టీ అంగళ్ల దగ్గర, బస్టాండుల్లో వినిపించింది. అంతకు నాలుగు నెలల ముందు, 2021 అక్టోబరు 29న, 46 ఏళ్ల కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ పోయినప్పుడు బెంగళూరు జయదేవ ఆసుపత్రికి గుండె పరీక్షల కోసం జనం పోటెత్తారు. పొట్టచేత పట్టుకుని బెంగళూరు చేరిన మన మెట్ట ప్రాంతం వాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. గౌతమ్ రెడ్డి పోయిన ఏడాది తిరక్కుండానే కుప్పంలో నడుస్తూ నడుస్తూ పడిపోయిన నటుడు నందమూరి తారకరత్న, 2023 ఫిబ్రవరి 18న బెంగళూరులో తుదిశ్వాస విడిచేనాటికి 39 ఏళ్లవాడు.

ఇలాంటి ప్రతి చావు తర్వాతా గుండె పరీక్షలకు గిరాకీ పెరుగుతుంది. ప్యాకేజీల ఫ్లెక్సీలు లేస్తాయి. ఈసీజీ, ఎకో, టీఎంటీ అన్నీ కలిపి ఇంత, దాని మీద ఇంత తగ్గింపు అంటారు. ఏమీ లేని మనిషి పోయి అన్నీ చేయించుకుని, 'నార్మల్' అని రాసిన కాగితం తెచ్చుకుని బీరువాలో పెట్టుకుంటాడు. మెట్లెక్కితే గుండె బరువెక్కుతున్న మనిషి మాత్రం 'గ్యాసు' అనుకుని ఇంట్లోనే ఉంటాడు. ఈ రెండు పొరపాట్లూ మన పల్లెల్లో రోజూ చూస్తున్నవే. పరీక్షలు తక్కువై జరిగే నష్టం కంటే, ఒకరికి చేయాల్సిన పరీక్ష ఇంకొకరికి చేయడం వల్ల జరిగే నష్టం తక్కువేమీ కాదని చెప్పడానికే ఈ కథనం.

గౌతమ్ రెడ్డి గుండె లోపల ఏం జరిగిందో ఊహించే హక్కు బయటివాళ్లకు లేదు. కానీ ఆయన మరణం మన ముందుంచిన ప్రశ్నకు జవాబు వెతుక్కోవడం మన బాధ్యత.

గుండెపోటు వేరు, గుండె ఆగడం వేరు

గుండె కండరానికి రక్తం తెచ్చే ముఖ్యమైన ధమనులు మూడు. వాటి గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది. ఒకరోజు ఆ కొవ్వు ముద్ద మీది పొర చిట్లుతుంది. చిట్లినచోట రక్తం గడ్డకట్టి దారి మూసేస్తుంది. అదే గుండెపోటు. ఆ సమయంలో మనిషి మెలకువగానే ఉంటాడు, మాట్లాడతాడు, చెమటలు పడతాయి. గుండె లయ తప్పి కొట్టుకోవడమే ఆగిపోతే అది కార్డియాక్ అరెస్ట్. మనిషి పడిపోతాడు, ఊపిరి ఉండదు. గుండెపోటు ముదిరి అరెస్టుకు దారి తీయొచ్చు. పుట్టుకతో వచ్చిన గుండె కండరం మందం వల్లో, లయలోని జన్యు లోపం వల్లో పోటు లేకుండానే అరెస్టు రావచ్చు.

దీంట్లో పరీక్షలకు సంబంధించిన అసలు కీలకం ఒకటుంది. చిట్లే కొవ్వు ముద్ద ఎప్పుడూ పెద్దదే అయ్యుండాలని లేదు. ధమనిని సగం కూడా మూయని చిన్న ముద్ద చిట్లి ప్రాణం తీసిన సందర్భాలు కోకొల్లలు. ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే పరీక్ష (టీఎంటీ) మాత్రం దారి చాలావరకు, అంటే దాదాపు 70 శాతం, మూసుకుపోతేనే పట్టుకుంటుంది. అందుకే నిన్న 'నార్మల్' వచ్చిన మనిషికి నెల తిరక్కుండానే పోటు రావడం వింతేమీ కాదు. ఆ పరీక్ష అబద్ధం చెప్పలేదు. దాన్ని అడిగిన ప్రశ్న వేరు, మనకు కావాల్సిన జవాబు వేరు.

ఈసీజీ నుంచి యాంజియో దాకా

ఈసీజీతో మొదలుపెడదాం. అది తీసిన ఆ కొద్ది సెకన్లలో గుండెలో కరెంటు ఎలా నడిచిందో చెబుతుంది. నొప్పి ఉన్నప్పుడు దీన్ని మించిన పరీక్ష లేదు. నొప్పితో వచ్చిన మనిషికి ఆసుపత్రి గడప తొక్కిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న నియమం. మొదటిది మామూలుగా ఉన్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ మళ్లీ తీయాలి, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ చూడాలి. ఏ బాధా లేని ఆరోగ్యవంతుడికి ఏటా ఈసీజీ తీయడం వేరే సంగతి. ముప్పు తక్కువగా ఉన్నవాళ్లకు ఆ పని అనవసరమని అమెరికా నివారణ వైద్య నిపుణుల బృందం 2018లో తేల్చిచెప్పింది. మూడు ధమనుల్లో కొవ్వు పేరుకున్న మనిషికి కూడా కుదురుగా కూర్చుని ఉన్నప్పుడు తీస్తే ఈసీజీ చక్కగా రావచ్చు.

టూడీ ఎకో అనేది గుండెకు తీసే స్కానింగ్. కండరం ఎంత బలంగా పిండుతోంది, కవాటాలు సరిగ్గా మూసుకుంటున్నాయా, గోడలు మందమయ్యాయా అన్నవి తెలుస్తాయి. ఆయాసం ఉన్నవాళ్లకు, కాళ్లవాపు ఉన్నవాళ్లకు, చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చినవాళ్లకు, డాక్టరు స్టెతస్కోపులో ఏదో చప్పుడు విన్నప్పుడు ఇది తప్పనిసరి. ధమనుల్లో కొవ్వు మాత్రం ఇందులో కనిపించదు. బోరు మోటారు ఎన్ని నీళ్లు తోడుతోందో చూసినంత మాత్రాన దానికి కరెంటు తెచ్చే వైరు ఎక్కడ చీకిపోయిందో తెలియదు కదా, ఎకో సంగతీ అంతే. "ఎకోలో పంపింగు 60 ఉంది, మనకేం గాదు" అని గుండె మీద చేయి వేసుకుని నిద్రపోయేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

టీఎంటీ గదిలోకి ఒకసారి తొంగిచూద్దాం. ఛాతీ మీద వెంట్రుకలు గీకి, స్పిరిటుతో తుడిచి, పది దాకా అట్టలు అతికిస్తారు. చేతికి బీపీ పట్టీ. మరబెల్టు ముందు గంటకు 2.7 కిలోమీటర్ల వేగంతో, కొంచెం ఎత్తు వాలుగా కదులుతుంది. మూడు నిమిషాలకోసారి వేగమూ పెరుగుతుంది, ఎత్తూ పెరుగుతుంది. 220 లోంచి వయసు తీసేస్తే వచ్చే అంకెలో 85 శాతానికి గుండె వేగం చేరాలి. యాభై ఏళ్ల మనిషి అయితే నిమిషానికి 145 దాకా. మూడో దశకొచ్చేసరికి నిత్యం పొలం పనిచేసే మనిషికీ ఒళ్లు తడుస్తుంది. ఆ లోపల ఈసీజీ గీతలో ఒక భాగం కిందికి దిగిందా, బీపీ పడిపోయిందా, నొప్పి వచ్చిందా అని పక్కనున్న డాక్టరు కళ్లార్పకుండా చూస్తుండాలి. డాక్టరు లేకుండా టెక్నీషియన్ ఒక్కడే చేస్తుంటే ఆ బెల్టు ఎక్కకపోవడమే మంచిది. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు అంత వేగం అందుకోలేరు. ఇక నడివయసు ఆడవాళ్లలో జబ్బేమీ లేకున్నా 'పాజిటివ్' అని రావడం ఎక్కువ. దానికి భయపడి నేరుగా యాంజియోగ్రామ్‌కు పోయి, ఏమీ లేదని తెలుసుకుని, నెల కూలి పోగొట్టుకుని వచ్చేవాళ్లుంటారు. టీఎంటీ చెడ్డ పరీక్ష అని కాదు. నడిస్తే వచ్చి, నిలబడితే తగ్గే ఛాతీ బరువు ఉన్న మనిషికి అది ఇప్పటికీ పనికొచ్చేదే. ఏ బాధా లేనివాడికి తగ్గింపు ధరకు వస్తోందని చేయించడంతోనే పేచీ.

కాల్షియం స్కోర్ గురించి మన వైపు చాలామందికి తెలియదు. ఇది సీటీ మిషను మీద పది నిమిషాల్లో అయిపోతుంది, రంగు మందు ఎక్కించరు, రేడియేషన్ తక్కువ. ధమనుల్లో పాతబడిన కొవ్వు సున్నంలా గట్టిపడుతుంది, దాన్ని లెక్కగట్టి అంకె చెబుతారు. సున్నా వస్తే రాబోయే కొన్నేళ్లకు ముప్పు తక్కువ. వంద దాటితే కొలెస్ట్రాల్ మందు మొదలుపెట్టాలని డాక్టర్లు గట్టిగా చెబుతారు. నాలుగొందలు దాటితే ముప్పు బాగా ఎక్కువని అర్థం. ఇది ఎవరికి? నలభై దాటి, ఏ బాధా లేక, ముప్పు ఎక్కువా తక్కువా అని డాక్టరుకే తేలనివాళ్లకు. మందు వేసుకోవాలా వద్దా అని ఊగిసలాడే మనిషికి ఈ అంకె దారి చూపిస్తుంది. ముప్పయ్యేళ్ల కుర్రాడికి సున్నా వచ్చిందంటే ఏమీ లేదని కాదు, లేత కొవ్వు ఇంకా సున్నం కాలేదని కూడా కావచ్చు. నొప్పి ఉన్నవాళ్లు దీంతో సరిపెట్టుకోకూడదు.

నొప్పి ఉండి, అది గుండెదేనా అన్న సందేహం మిగిలితే సీటీ యాంజియో. రంగు మందు ఎక్కించి ధమనులను నేరుగా చూసే పరీక్ష. బ్రిటన్‌లో ఇలాంటివాళ్లకు 2016 నుంచి ఇదే మొదటి పరీక్ష. స్కాట్లాండ్‌లో 4,146 మందిని ఐదేళ్లు గమనించిన స్కాట్-హార్ట్ అధ్యయనం 2018లో ఫలితాలు చెప్పింది. మామూలు పరీక్షలతో సరిపెట్టినవాళ్లలో 3.9 శాతం మందికి గుండెపోటో గుండె జబ్బు మరణమో జరిగితే, సీటీ యాంజియో చేసినవాళ్లలో అది 2.3 శాతమే. ఈ తేడా మిషను మహిమ కాదు. కొవ్వు కంటికి కనపడేసరికి డాక్టర్లు సరైనవాళ్లకు సరైన మందులు రాశారు, మనుషులు ఆ మందులు వేసుకున్నారు. అందువల్ల వచ్చిన తేడా అది.

రంగు మందు అనగానే మన ప్రాంతానికి ఒక జాగ్రత్త చెప్పాలి. ఉదయగిరి, వరికుంటపాడు, మర్రిపాడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ బాధ పాతదే. కీళ్లు పట్టేసి, నడుం వంగి, ఏళ్ల తరబడి నొప్పి బిళ్లలు మింగిన పెద్దవాళ్లు ప్రతి ఊళ్లో కనిపిస్తారు. ఆ బిళ్లలు కిడ్నీలను దెబ్బతీస్తాయి, బీపీని పెంచుతాయి, వాటిలో కొన్ని గుండెపోటు ముప్పునూ పెంచుతాయి. కాబట్టి రంగు మందు ఎక్కించే ఏ పరీక్షకైనా ముందు కిడ్నీల పనితీరు తెలియడానికి రక్తంలో క్రియాటినిన్ చూడాలి. రోజూ నొప్పి బిళ్ల వేసుకునే సంగతి డాక్టరు అడగకపోయినా మనమే చెప్పాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే అదీ చెప్పాలి.

ఇక మణికట్టులోంచి సన్నని గొట్టం పంపి చేసే యాంజియోగ్రామ్. గుండెపోటు వచ్చినవాడికి, మందులతో నొప్పి లొంగనివాడికి, ముందు పరీక్షల్లో పెద్ద తేడా కనిపించినవాడికి అది కావాలి. అంతేగాని 'ఒకసారి చూసేసుకుందాం' అని చేయించుకునేది కాదు. టేబుల్ మీదున్నప్పుడే "బ్లాక్ ఉంది, స్టెంట్ వేసేద్దామా?" అని బయటున్న ఇంట్లోవాళ్లను అడుగుతారు. ఆ క్షణాన కాదనే ధైర్యం ఎవరికుంటుంది? పోటు వచ్చినప్పుడైతే స్టెంట్ ప్రాణం కాపాడుతుంది, అందులో రెండో మాట లేదు. అప్పుడప్పుడు నడిస్తే వచ్చే నిలకడైన నొప్పి ఉన్నవాళ్ల సంగతి వేరు. 37 దేశాల్లో 5,179 మందితో చేసిన ఇస్కీమియా అధ్యయనం 2020లో అచ్చయింది. మంచి మందులతో పాటు స్టెంటో బైపాసో చేసినవాళ్లకూ, ముందు మందులతోనే మొదలుపెట్టినవాళ్లకూ మరణాల్లో తేడా రాలేదు. నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లకు స్టెంట్‌తో ఉపశమనం బాగుంది. ఎడమవైపు ప్రధాన ధమని మూసుకుపోయినవాళ్లను, పంపింగు బాగా తగ్గినవాళ్లను ఆ అధ్యయనంలో చేర్చలేదు కాబట్టి వాళ్లకు ఈ మాట వర్తించదు. మిగతావాళ్లకు మాత్రం 'రెండు రోజులు ఆలోచించుకుని చెబుతాం' అనే వ్యవధి ఉంటుంది. అది అడగడం తప్పు కాదు, డాక్టరును అవమానించడమూ కాదు.

ఏ పరీక్ష రాసినా డాక్టరును మర్యాదగా ఒక ప్రశ్న అడగాలి. "సార్, ఇందులో మంచి వచ్చినా చెడు వచ్చినా నా వైద్యం ఏమన్నా మారుతుందా?" మారుతుందంటే అప్పు చేసైనా చేయించుకోవాలి. మారదంటే ఆ డబ్బు ఏడాది మందులకు వస్తుంది.

టేపు, బీపీ పట్టీ, పొగాకు

మరి ఏ బాధా లేని మర్రిపాడు రైతు, కలిగిరి టైలరు, ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే నిపుణుడు ఏం చేయించుకోవాలి? వాళ్లకు కావాల్సింది చాలావరకు ఊళ్లోనే ఉంది.

ఆశా కార్యకర్త దగ్గర ముప్పై ఏళ్లు దాటినవాళ్లందరికీ నింపాల్సిన ఒక పత్రం ఉంటుంది. జాతీయ కార్యక్రమంలో భాగంగా ఊరూరా ఇది ఉంది, దాని విలువే మనకు తెలియదు. వయసు, పొగాకు, సారా, నడుం కొలత, రోజువారీ శ్రమ, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నాయా అన్నవి అడిగి మార్కులు వేస్తారు. నాలుగు దాటితే ముందుగా పరీక్ష చేయాల్సిన మనిషి అని అర్థం. ఒక లెక్క వేసి చూద్దాం. నలభై అయిదేళ్ల మగమనిషికి వయసు కింద రెండు. రోజూ బీడీ కాలిస్తే ఇంకో రెండు. బొడ్డు దగ్గర టేపు పెడితే 94 సెంటీమీటర్లు, దానికి ఒకటి. అప్పుడే అయిదయింది. తండ్రికి షుగరుంటే ఇంకో రెండు కలిపి ఏడు. మగవాళ్లకు నడుం 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే లెక్కలోకి వస్తుంది. ఆ టేపు ఖరీదు ఎంతని?

పొగాకు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పక తప్పదు. మన మెట్టలో అది పంట కూడా. మర్రిపాడు మండలం డీసీపల్లిలోనూ, కలిగిరిలోనూ పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్నాయి. సీజనులో బేళ్లు ఎంతకు పోయాయన్నదే ఇంటింటి ముచ్చట. ఆ పంటతో పిల్లలను చదివించుకున్న రైతును తప్పుపట్టడం నాకు చేతకాదు. కానీ అమ్మిన ఆకు వేరు, కాల్చిన ఆకు వేరు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో తేల్చినదాని ప్రకారం మొదటి గుండెపోటు ముప్పులో దాదాపు 90 శాతానికి తొమ్మిది కారణాలే మూలం. వాటిలో పొగాకు, కొలెస్ట్రాల్ తేడా ముందు వరుసలో ఉన్నాయి. అదే అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు మొదటి పోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది, మిగతా ప్రపంచంలో దాదాపు 59కి. గుండె జబ్బు పట్నం జబ్బు అనే మాటకూ కాలం చెల్లింది. గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో జరిగిన 1,354 మరణాలకు కారణాలు వెతికి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అన్నిటికంటే పెద్ద కారణం అదే.

బీపీ చూడటం తేలికైన పని అనుకుంటాం గానీ సరిగ్గా చూసేవాళ్లు తక్కువ. ఎండలో నడిచొచ్చి, బీడీ పారేసి, క్యూలో నిలబడి తోసుకుంటూ కూర్చోగానే పట్టీ చుడితే వచ్చే అంకె నమ్మదగ్గది కాదు. అరగంట ముందు టీ, పొగ వద్దు. మూత్రం పోసి రావాలి. వీపు ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చొక్కా చేయి పైకి మడిచి, చేయి గుండె ఎత్తున బల్ల మీద పెట్టాలి. చూస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. రెండుసార్లు చూడాలి. వేరువేరు రోజుల్లో 140/90 దాటితే అది బీపీయే. మందు మొదలుపెట్టాక అంకె దిగగానే మానేయడం మన దగ్గర పెద్ద జబ్బు. దిగింది మందు వల్లేనని ఎవరో ఒకరు పదేపదే చెబుతుండాలి.

దీనికి షుగరు, కొలెస్ట్రాల్ కలపాలి. కొలెస్ట్రాల్‌కు పరగడుపున రావాలన్న పట్టింపు ఇప్పుడు లేదు. పద్దెనిమిదేళ్లకే మొదటిసారి చూసుకోవాలని భారత హృద్రోగ నిపుణుల సంఘం 2024లో చెప్పింది. లైపోప్రోటీన్-ఏ అని ఇంకో రక్త పరీక్ష ఉంది. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చేది, తిండితో పెద్దగా మారదు, జీవితంలో ఒకసారి చూసుకుంటే చాలు. కుర్రవయసులోనే గుండెపోటు వచ్చిన కుటుంబాలు దీన్ని తప్పకుండా చూసుకోవాలి. నియమంగా కసరత్తు చేస్తూ, సన్నగా ఉన్నా కొందరికి గుండె జబ్బు ఎందుకొస్తుందో చెప్పే కారణాల్లో ఇదొకటి. ఈ అంకెలన్నీ చేతిలో ఉంటే డాక్టరు ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో వేలు పెట్టి, రాబోయే పదేళ్లలో మీకు గుండెపోటో పక్షవాతమో వచ్చే ముప్పు నూటికి ఎంతో చెప్పగలరు. దక్షిణాసియాకు వేరే పట్టిక ఉంది. కొలెస్ట్రాల్ చూసే వీలు లేని చోట వయసు, పొగాకు, బీపీ, బరువు, ఎత్తులతోనే లెక్కగట్టే పట్టిక కూడా ఉంది. కాల్షియం స్కోరు లాంటి పెద్ద పరీక్షల ఆలోచన దాని తర్వాతే రావాలి.

నొప్పి వచ్చిన రోజు

ఇప్పటిదాకా చెప్పింది బాధ లేనివాళ్ల సంగతి. ఛాతీలో బరువు, పిండినట్టు నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకడం, చల్లచెమటలు, ఉన్నట్టుండి ఆయాసం వస్తే ఇక ప్యాకేజీ, స్కోరు, టీఎంటీ ఏదీ వద్దు. షుగరున్నవాళ్లకు, ఆడవాళ్లకు, పెద్దవయసు వాళ్లకు నొప్పి లేకుండా చెమటలూ నీరసమే రావచ్చు. ఆ ఘడియలో కావాల్సిన పరీక్ష ఈసీజీ ఒక్కటే. అది కూడా దగ్గరున్న ఆసుపత్రిలోనే.

దూరం గురించి ఇంతగా చెప్పడానికి కారణముంది. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. సీతారామపురం ఇంకా అవతల. ఆత్మకూరు నుంచి కూడా యాభై దాటుతుంది. కారు మాట్లాడి, అన్నదమ్ములను పిలిచి, డబ్బు సర్ది, నేరుగా నెల్లూరో చెన్నైయో పోదామనుకుంటాం. దారిలో ఆత్మకూరు ప్రభుత్వాసుపత్రి ముందు నుంచే కారు వెళ్లిపోతుంది. ఆ లోపల గుండె కండరం నిమిష నిమిషానికీ చచ్చిపోతుంటుంది. రెండు గంటల లోపల స్టెంట్ వేసే చోటికి చేరలేమని తెలిస్తే, గడ్డను కరిగించే ఇంజెక్షను దగ్గర్లోనే ఇచ్చి, ఆ తర్వాత పెద్దాసుపత్రికి పంపాలన్నది వైద్యశాస్త్రం చెప్పే మాట. ఆ ఇంజెక్షను పేరు టెనెక్టెప్లేస్. బయట కొంటే 40 వేల రూపాయలకు అటూఇటూ. గుండెపోటు వైద్యం కోసం పెట్టిన 'స్టెమీ' కార్యక్రమం కింద ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వాసుపత్రుల్లో దీన్ని ఉచితంగా ఇస్తున్నారు. చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్దాసుపత్రిలోని గుండె డాక్టరుకు పంపిస్తారు, ఆయన చూసి చెప్పగానే ఇక్కడ సూది వేస్తారు. కాబట్టి 108కి ఫోన్ చేయండి, దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో ఆగండి, ఈసీజీ తీయించండి, ఆ తర్వాతే ముందుకు కదలండి. నొప్పి మొదలైన సమయం గుర్తుపెట్టుకోండి, డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే.

సోడా తాగి, వాము నమిలి, గ్యాసు బిళ్ల వేసుకుని తెల్లారేదాకా చూద్దామనుకోవడం వల్ల మన వైపు ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరాయో! గ్యాసేనని తేలితే మంచిదే. తేల్చాల్సింది మాత్రం ఈసీజీ. పక్కింటాయన ఇచ్చిన సార్బిట్రేట్ బిళ్ల నాలుక కింద పెట్టుకోవడం కూడా ప్రమాదమే. బీపీ తక్కువగా ఉన్నప్పుడు అది ఇంకా పడిపోతుంది.

మనిషి పడిపోయి, పిలిస్తే పలక్క, ఊపిరి లేకపోతే అప్పుడు పరీక్షల సమయం కాదు. ఛాతీ మధ్యలో రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతుకు నొక్కుతూనే ఉండాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. ప్రతి ఇంటర్ కాలేజీలోనూ, డిగ్రీ కాలేజీలోనూ దీన్ని ఏడాదికోసారి నేర్పిస్తే ఊరికి పదిమందైనా తెలిసినవాళ్లుంటారు.

పోయినవాళ్ల పిల్లల సంగతి

కుర్రవయసులో పోయిన ప్రతిసారీ కోవిడ్ టీకా మాట వస్తోంది. భారత వైద్య పరిశోధన మండలి 47 ఆసుపత్రుల్లో దీన్ని పరిశీలించింది. 18 నుంచి 45 ఏళ్ల లోపు, కారణం తెలియకుండా హఠాత్తుగా పోయిన 729 మందిని, బతికున్న 2,916 మందితో పోల్చి 2023లో ఫలితాలు ప్రచురించింది. టీకా వల్ల ముప్పు పెరగలేదు. ఇంట్లో అలా హఠాత్తుగా పోయినవాళ్లుండటం, చివరి రెండు రోజుల్లో విపరీతంగా తాగడం లేదా ఒళ్లు విరిగే శ్రమ చేయడం, కోవిడ్‌తో ఆసుపత్రి పాలవడం ముప్పు పెంచాయి.

అందులో మొదటిదాన్ని మనం పట్టించుకోవడం లేదు. తండ్రో అన్నో 55 లోపు, తల్లో అక్కో 65 లోపు గుండె జబ్బుతో పోయిన ఇంట్లో పిల్లలకు, తోబుట్టువులకు ముప్పు ఎక్కువ. కర్మకాండలు అయిపోగానే ఆ ఇంట్లో బతికున్నవాళ్లను ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే ఆచారం మనకు లేదు. ఉండాలి. ఎందుకు పోయారో తెలియని యువకుడి తోబుట్టువులకు ఈసీజీ, ఎకో రెండూ అవసరం. కండరం మందం, లయ లోపం ఉంటే చాలావరకు ఆ రెండింటిలో బయటపడతాయి. ఆరోగ్యవంతుడికి అనవసరమని పైన చెప్పిన పరీక్షలే ఈ పిల్లలకు ప్రాణదానం చేయగలవు.

ఒక్క పని మాత్రం ఇవాళే చేయొచ్చు. ఇంట్లో పాత ఈసీజీ ఎవరిదైనా ఉంటే దాన్ని ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. ఆ కాగితం మీది అచ్చు ఏడాది రెండేళ్లలో వెలిసిపోతుంది. రేపు ఏ అర్ధరాత్రో ఆత్మకూరు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు కొత్త ఈసీజీ చేత్తో పట్టుకుని, ఈ గీత ఇప్పుడే మారిందా, ఎప్పటినుంచో ఇలాగే ఉందా అని తేల్చుకోలేక ఆలోచిస్తున్నప్పుడు, ఆ పాత ఫోటో చూపించండి. సూది వేయాలో వద్దో తేల్చుకోవడానికి అది ఆయనకు చాలా సాయపడుతుంది.